‘చివర ఎవరు?’ అంటూ పులివెందులకు

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు మీదుగా పులివెందులకు బస్సులో రెండు గంటల దారి అంటారు. ‘అంటారు’ అని తప్పుకోవడం ఎందుకంటే నేనా బస్సు ఎక్కలేదు. కారు మాట్లాడుకుని, పెట్రోలు పోయించి, మూడు రోజులు పట్టించాను. చిన్నప్పుడు మా లెక్కల మాస్టారు ‘ఒక మనిషి ఒక పనిని రెండు గంటల్లో చేస్తే ఇద్దరు ఎంతసేపట్లో చేస్తారు?’ అని అడిగేవారు. గంట అని చెప్పి బెత్తం దెబ్బ తప్పించుకునేవాణ్ణి. ఆ ఇద్దరిలో ఒకరు మా సుబ్బారావు మామయ్య అయితే జవాబు మూడు రోజులని ఇన్నాళ్ళకు తెలిసింది.

మామయ్య మా అమ్మకు తమ్ముడు. యాభై ఏళ్ళ కిందట సోవియట్ యూనియన్ వాళ్ళిచ్చిన స్కాలర్‌షిప్పు మీద ఖార్కొవ్ నగరానికి వెళ్ళి గనుల ఇంజనీరింగు చదివాడు. ఆ దేశం తర్వాత ముక్కలైంది. మామయ్య మాత్రం చెక్కు చెదరలేదు. ఇప్పటికీ గడప దాటితే జేబులో ఒక వల సంచి ఉండాల్సిందే. రష్యన్లు దాన్ని ‘అవోస్క’ అంటారట. దారిలో ఏమన్నా దొరుకుతుందేమో అని పెట్టుకునే సంచి. మా ఇంట్లో దానికి ‘ఏమో సంచి’ అని పేరు.

రెండో అలవాటు లైను. ఎక్కడ లైను కనిపించినా పోయి నిలబడతాడు. ముందు నిలబడడం, తర్వాత ఎందుకని అడగడం. “చివర ఎవరు?” అని కేక వేస్తాడు. ఎవరైనా చెయ్యెత్తితే “మీ వెనక నేను” అంటాడు. అంతే, ఆ జానెడు నేలకు పట్టా పుచ్చుకున్నట్టే. ఆ దేశంలో లైను చూశాక ఆలోచించేవాడికి సబ్బు దొరికేది కాదట. తెనాలిలో ఆయన్ని నేను సినిమా టిక్కెట్ల లైన్లోంచీ, ఒకసారి ఎవరో పెద్దమనిషి శవానికి దండలేసే లైన్లోంచీ కూడా లాక్కొచ్చాను.

అట్లాంటి మనిషిని గడువున్న పనికి వెంటబెట్టుకుని బయల్దేరడం నా తెలివి.

పని ఇది. ఖార్కొవ్‌లో మామయ్యతో ఒకే గదిలో ఉండి చదువుకున్న ఓబులేసు పులివెందుల అవతల ఒక పల్లెవాడు. ఊరి పేరు రాయను, వాళ్ళ గొడవ వాళ్ళకు చాలు. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి, రష్యా దాకా పోయి, గనుల్లో ఉద్యోగం చేసి, రిటైరై మళ్ళీ గొర్రెల్లోకే వచ్చాడు. ఆ ఊళ్ళో సర్పంచి ఎప్పుడూ ఏకగ్రీవమే. పెద్దలు కూచుని ఒక పేరు అనుకుంటారు, ఆ ఒక్కడే నామినేషన్ వేస్తాడు, ఓటింగు అక్కర్లేదు. ఈసారి ఓబులేసు కూడా ఒక నామినేషన్ వేసి కూచున్నాడు. తియ్యనంటున్నాడు. ఆయన కొడుకు ఆంజనేయులు మామయ్యకు ఫోను చేశాడు.

“పెద్దాయనా, మా నాయన ఎవురి మాటా ఇనడంల్యా. నీ మాటైతే ఇంటాడు. నువ్వొచ్చి నామినేషన్ తీపిచ్చు. గురువారం మూడు గంటల దాంక టైముండాది. దాటితే ఓట్లే.”

“ఓట్లయితే ఏమవుతుందయ్యా?” అన్నాడు మామయ్య.

“ఏమైతాదా? ఏకగ్రీవమైతే సర్కారు దుడ్లిస్తాది. దాండ్లతో నీళ్ళ ట్యాంకు కట్టుకుందామని ఊరంతా కాచుకోనుండాది. అదొకటి. ఇంగోటి, మునుపు మా ఊళ్ళో ఓట్లంటే తలకాయలు పగిలేటివి. ఏకగ్రీవాలొచ్చినాకనే నిమ్మళంగా ఉండాము. రేప్పొద్దున ఏమన్నా అయితే మా నాయన పేరే గదప్పా చెప్తారు?”

స్పీకర్లో వింటున్న నాకు ఆ గొంతులో కోపం కన్నా భయం ఎక్కువ వినిపించింది. నేనే టిక్కెట్లు తీశాను. మంగళవారం దిగితే గురువారం మూడింటికి చేరమా అని ధీమా.

ప్రొద్దుటూరు: ఒక్క రూపాయి చీర

ప్రొద్దుటూరుకు పొద్దున్నే చేరాల్సినవాళ్ళం పొద్దు నడినెత్తికెక్కాక చేరాం. స్టేషన్లో కారుతో కాచుకుని ఉన్న బాషా పలకరింపే చివాట్లతో మొదలైంది.

“ఏందప్పా ఇంత లేటు? నా కారు పెనమైపోయినాది. పిండి తెచ్చింటే దోసెలు పోసుకోవచ్చు.”

బాషా కువైట్‌లో ఎవరో షేకు ఇంట్లో ఏళ్ళ తరబడి డ్రైవరు. ఆ సంపాదనతో వచ్చి ఈ కారు కొనుక్కున్నాడు. మామయ్య సోవియట్ కథ ఒకటి చెబితే ఇతను కువైట్ కథ రెండు చెబుతాడు. ఆ మూడు రోజులూ నేను రెండు విదేశాల మధ్య నలిగిన స్వదేశీయుణ్ణి.

ప్రొద్దుటూరు బంగారం ఊరు. సందుకో నగల కొట్టు, కొట్టు కొట్టుకూ మధ్య బట్టల కొట్టు. మా తెనాలిలో నాటకాలాడేవాళ్ళు ఎక్కువ, ఇక్కడ నగలు చేసేవాళ్ళు ఎక్కువ. రెండు చోట్లా మెరుపే పెట్టుబడి. ఆ మెరుపుల వీధి నడిమధ్యలో మామయ్య తోలుచెప్పు పట్టీ పుటుక్కుమంది. మూల మీద చెప్పులు కుట్టే ఆయన నల్లదారం అయిపోయిందని, నీలం నైలాన్ దారం చూపించాడు.

“నీలం ఉంటే నీలమే కుట్టు. ఉన్నదాన్నే కోరుకుంటే మనిషికి దిగులుండదు,” అన్నాడు మామయ్య. “మా ఖార్కొవ్‌లో అందరం అట్లాగే హాయిగా బతికాం.”

నల్లచెప్పుకు నీలం గాటు. ఎక్కడున్నా గుర్తుపట్టొచ్చు.

అక్కణ్ణుంచి కారు దాకా వంద అడుగులుంటుంది. ఆ వంద అడుగుల్లోనే లైను తగిలింది. కొత్తగా తెరుస్తున్న బట్టల కొట్టు ముందు, మొదట వచ్చినవాళ్ళకు రూపాయికి చీరట. లైన్లో అందరూ ఆడవాళ్ళే. నేను కారు తలుపు తీసి వెనక్కి తిరిగేసరికి మామయ్య లేడు.

“చివర ఎవరమ్మా?”

“చివర నువ్వే గదప్పా, నీ ఎనక యెవురుండారు?” అందొక పెద్దావిడ. “నీకేం పనప్పా చీరతో? ఇంట్లో ఆయమ్మ పంపిచ్చిందా?”

“నాకు పెళ్ళి కాలేదమ్మా.”

“అయ్యో! చీర దొరికినాకన్నా చేసుకో!”

లైను మొత్తం నవ్వింది. మామయ్యకు సిగ్గూ లేదు, చీదరా లేదు. ఓబులేసు భార్య లచ్చుమమ్మకు చీర కావాలి కాబట్టి ఆయన హక్కుదారుడే. అంతటితో ఊరుకున్నా బాగుండేది. తోపులాట మొదలవగానే నా జేబులో పెన్ను లాక్కుని, ఒక్కొక్కరి అరచేతిలో నంబరు వేయడం మొదలుపెట్టాడు. ఖార్కొవ్‌లో అట్లాగే వేసేవాళ్ళట. ఆడవాళ్ళు గోరింటాకుకు చాపినట్టు చేతులు చాపారు. కొట్టువాళ్ళు ఆయన్ని తమ మనిషే అనుకుని మజ్జిగ ఇచ్చారు. నన్ను ఎవరో అనుకుని పక్కకు పొమ్మన్నారు. సాయంత్రానికి ఏమో సంచిలోకి ఒక మామిడిపండు రంగు చీర వచ్చిపడింది.

ఆ రాత్రి ఎర్రకారం దోసె తినే వెళ్ళాలన్నాడు బాషా. మా వైపు దోసె మీద కారం పూస్తారు, ఇక్కడ కారం కింద దోసె పెడతారు. నలభై రూపాయలిచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

“ఇదేం చూశావురా,” అన్నాడు మామయ్య చెక్కుచెదరకుండా నములుతూ. “ఓబులేసు మా హాస్టలు వంటగదిలో ఎండుమిరపకాయలు వేయించిన రోజున అంతస్తు అంతస్తంతా దగ్గుకుంటూ మంచులోకి పరిగెత్తింది. ఫైరింజన్ వచ్చింది. వాడు మాత్రం మూకుడు దించలేదు. మాడిపోతుంది కదా అన్నాడు.”

“అంత మొండివాణ్ణి నువ్వు మెత్తబరచగలవా?” అన్నాను.

మామయ్య ఇంకో దోసె చెప్పాడు. చీకటి పడింది కాబట్టి ఆ ఊళ్ళోనే పడుకున్నాం.

జమ్మలమడుగు: నిలబడ్డ చెప్పులు

బుధవారం పొద్దున జమ్మలమడుగులో టీ తాగి కదలాలన్నది ఒప్పందం. జమ్మలమడుగు అంటే అడుగు పడితే లేవని ఊరని నాకెవరూ ముందుగా చెప్పలేదు.

టీ కొట్టు పక్కనే ఆధార్ కార్డుల్లో మార్పులు చేసే సెంటరు. దాని ముందు ఎండలో లైను. మనుషుల లైను కాదు, చెప్పుల లైను. హవాయి చెప్పులు, తోలు చెప్పులు, ఒకచోట చెప్పుల్లేనివాళ్ళెవరో పెట్టిన రాయి, దాని వెనక ఒక తువ్వాలు. మనుషులేమో అవతల గోడనీడన కూచుని వక్కాకు వేసుకుంటున్నారు. మా ఊళ్ళో లైనంటే చెప్పులూ ఉండవు, మనుషులూ ఉండరు, మోచేతులుంటాయి.

మామయ్య ఆ చెప్పుల ముందు చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. తిరుపతిలో దర్శనమైనవాడి మొహం.

“ఒరే అబ్బాయ్, ఏళ్ళ తరబడి మంచులో నిలబడ్డ ఆ దేశం వాళ్ళకు కూడా ఈ ఆలోచన రాలేదురా!”

“మంచులో చెప్పులు విప్పితే కాళ్ళూడిపోతాయి కాబట్టి రాలేదు. పద.”

“చివర ఎవరు?”

గోడనీడలోంచి ఒక చెయ్యి లేచింది. “నేనేప్పా. ఆ రోజాపూ రంగువి నావి. నీవి దాని ఎనక పెట్టు.” ఆవిడ పేరు హుసేన్‌బీ. మనవరాలి పేరులో తప్పు దిద్దించుకోవడానికి వచ్చింది. ఆ వరసకు కాపలాదారు కూడా ఆవిడే. ముందు జత కదిలినప్పుడల్లా లేచి వెళ్ళి వెనకున్న చెప్పులన్నింటినీ కాలి బొటనవేలితో ముందుకు జరిపి వస్తుంది. ఎవరి వంతూ అంగుళం అటూ ఇటూ కాదు.

“నీకు ఈ సెంటర్లో ఏం పని మామయ్యా?” అన్నాను, పళ్ళు బిగించి.

“అదే కనుక్కుందాం.”

నీలం దారపు చెప్పులు ఎండలో నిలబడ్డాయి. మామయ్య నీడలో కూచున్నాడు. అప్పుడే సర్వరు పనిచేయడం మానేసింది. లైను కదల్లేదు గానీ కబుర్లు కదిలాయి. పంచాయతీ ఓట్ల ఊసు రాగానే మామయ్య ఖార్కొవ్‌లో తాను చూసిన ఎలక్షన్లు మొదలుపెట్టాడు.

“పొద్దున్నే వీధిలో పాటలు పెట్టేవాళ్ళమ్మా. మామూలు రోజుల్లో కంటికి కనబడని కమలాపళ్ళు ఆ రోజు ఓటు వేసే చోట అమ్మేవాళ్ళు. జనం పళ్ళ కోసం పోయి, పనిలో పనిగా ఓటు వేసొచ్చేవాళ్ళు.”

“మాకా తిరుగుడు గూడ లేదప్పా,” అంది హుసేన్‌బీ. “ఇంటికాడికే తెచ్చిస్తారు.”

గోడంతా నవ్వింది.

“మధ్యాహ్నానికి ఓటెయ్యని వాళ్ళింటికి ఒక కుర్రాడొచ్చి బతిమాలేవాడు. ‘అమ్మా, నువ్వొచ్చి వేస్తే నేనింటికి పోతాను’ అని. చాటుగా వేసుకోవడానికి తెర కూడా ఉండేది. కానీ తెర వెనక్కి పోయావంటే పేరు కొట్టేస్తున్నావని అనుమానం. అందుకని ఎవరూ పోరు. కాగితం మడిచి పెట్టెలో వేసేయడమే.”

“కాయితం మీద పేర్లెన్నుండేటివి?”

“ఒకటే.”

“ఒకటే అయితే ఓటెందుకప్పా?”

మామయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “మా ఓబులేసు కూడా ఇదే అడిగేవాడమ్మా. అందరి దగ్గరా అడిగేవాడు. ఊరుకోరా అంటే ఊరుకునేవాడు కాదు.”

ఆ మాటను అక్కడే పట్టుకోవలసింది. నేను గడియారం పట్టుకుని కూచున్నాను.

సాయంత్రం దాకా సర్వరు రాలేదు. రేపు పొద్దున ఇదే వరసలో రమ్మన్నారు. మామయ్య వంతు వదులుకోనన్నాడు. వంతు వదిలినవాడు వెంగళాయట. గట్టిగా అరిచాను. లాడ్జిలో గది తీసుకున్నాను కూడా. నా కోపానికి ఉన్న విలువ అది. ఆంజనేయులు ఫోను చేస్తే, పొద్దున్నే చేరతామని నేనే చెప్పాను.

గురువారం పొద్దున సెంటరు తెరిచాక లైను చకచకా కదిలి మామయ్య వంతు వచ్చింది. కంప్యూటరు ముందున్న అమ్మాయి “ఏం మార్చాలప్పా?” అని అడిగింది.

“ఏమిస్తున్నారు?” అన్నాడు మామయ్య, యాభై ఏళ్ళనాటి గొంతుతో.

“ఈడ ఏమీ ఇయ్యరు, మారుస్తారు.”

కాసేపు ఆలోచించి, ఉన్న ఫోను నంబరే మళ్ళీ పెట్టించుకున్నాడు.

ముద్దనూరు: ముందుకూ వెనక్కూ

ఇంకా పొద్దుంది. పులివెందుల రోడ్డెక్కాం. మామయ్య ఒళ్ళో ఏమో సంచి, అందులో చీర పక్కన న్యూస్‌పేపరు చుట్టిన ఒక పొట్లం కనిపించింది. ముందురోజు లేదది.

“ఏంటది?”

“ఓళిగలు. ఓబులేసుకు ఇష్టం.”

బొబ్బట్లను ఇక్కడ అట్లా అంటారు. ఎప్పుడు కొన్నాడో అనుకుని ఊరుకున్నాను. ముద్దనూరు చేరాక బాషా అద్దంలోంచి చూసి అన్నాడు, “పెద్దాయనా, నీ కాళ్ళు బోసిగా ఉండాయే?”

మామయ్య వంగి చూసుకున్నాడు. “అరెరే! చెప్పులు లైన్లోనే ఉండిపోయాయి!”

కొత్తవి కొంటానన్నాను. పాతవే కావాలన్నాడు. నీలం దారం వేయించుకున్నవట. తోలు మెత్తబడిందట. లైన్లో వస్తువు వదిలేసి వస్తే వెనకున్నవాళ్ళ వంతుకు అడ్డమట. గడువుందని గుర్తుచేశాను. ఎండలో దిగి నడిచి వెళతానన్నాడు. ఆ వయసు మనిషి ఉత్తకాళ్ళతో జమ్మలమడుగు దిక్కుకు అడుగు వేసేసరికి బాషా కారు తిప్పాడు.

అక్కడ హుసేన్‌బీ పని చూసుకుని గోడనీడలోనే ఉంది. విషయం విని చేత్తో గడ్డం పట్టుకుంది.

“మా లైన్లో చెప్పు పోవడమా? పానమన్నా పోతాది గానీ చెప్పు పోదప్పా! ఎవురివి వాళ్ళు తీసకపోతారు.”

ఆవిడ మామయ్య వైపు ఒక రకంగా చూసింది. మామయ్య కరెంటు తీగల మీద పిట్టల వైపు చూశాడు. నేను పక్క కొట్లో హవాయి చెప్పులు కొని ఆయన కాళ్ళ ముందు పడేశాను.

మళ్ళీ ముద్దనూరు. ఆంజనేయులు ఫోను. “యాడుండారప్పా?”

“ముద్దనూరు.”

“ఇంతకుముందూ ముద్దనూరే అంటివి!”

నిజమే. రెండు ముద్దనూర్ల మధ్య ఒక జమ్మలమడుగు ఉందని ఆ అబ్బాయికి ఎట్లా చెప్పను? అప్పటికైనా ఆగకుండా పోయి ఉంటే అందుకునేవాళ్ళమే. రోడ్డు పక్క మెస్సులో సంగటి గెలుకుతున్న వాసన వచ్చింది. “ఒక్క గడియ కూచోండి, వాయి దిగుతాది” అన్నారు. ఈ పాపం మామయ్యది కాదు. వేడి రాగిసంగటి, నాటుకోడి పులుసు, పక్కన చెనిక్కాయల ఊరిబిండి, అంటే మా వైపు వేరుశనగ పచ్చడి. మా ఊరి అన్నం పంటి కిందికి పోతుంది. సంగటి పన్నుతో పని లేకుండా గుండెలోకి పోతుంది. రెండో ముద్ద అడిగింది నేనే.

తర్వాత గొర్రెల మంద రోడ్డు దాటింది. ఏ గొర్రే తొందరపడలేదు. బాషా హారన్ కొడితే మందవెనక మనిషి కర్ర ఎత్తి, “యాడికప్పా అంత అర్జెంటు?” అన్నాడు. ఏమని చెప్పను. పులివెందుల మేడలు దూరంగా కనబడే వేళకు బాషా మెల్లగా అన్నాడు, “సార్, మూడైపోయినాది.”

ఫోను మోగలేదు. అదే ఎక్కువ బాధనిపించింది. వెనక్కి తిరిగి చూస్తే మామయ్య కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్ర కాదు. రైలందుకున్నవాడి మొహం.

పులివెందుల దాటాక

వెడల్పాటి రోడ్ల ఆ ఊరిని కారు కిటికీలోంచే చూశాను. చూసే మనసు లేదు. పల్లె మొదట్లో ఆంజనేయులు నిలబడి ఉన్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“రాండప్పా. అలిసిపోయింటారు. నీళ్ళు తాగండి,” అని చెంబు అందించాడు. “ట్యాంకరు నీళ్ళు.”

చెంబు పట్టుకునే లోపలికి నడిచాను. గొర్రెల కొట్టం పక్క మంచం మీద ఓబులేసు కూచుని ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, కర్రకు చొక్కా తొడిగినట్టు. లేవలేదు.

“ఏమప్పా సుబ్బారావా! నన్ను దింపేకి వచ్చినావంట?”

“వచ్చాన్రా ఓబులేసూ. టైముకు రాలేకపోయాను. దారంతా లైన్లు.”

ఓబులేసు ఆయన్ని కిందినుంచి పైదాకా చూశాడు. హవాయి చెప్పుల దగ్గర చూపు కాసేపు ఆగింది. తర్వాత పళ్ళులేని నోటితో నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గైంది, దగ్గు మళ్ళీ నవ్వైంది.

లచ్చుమమ్మ చీర విప్పి చూసి మురిసింది. తర్వాత పొట్లం విప్పింది. “ఓళిగలంటివే? ఇవేం ఓళిగలప్పా, తోలువి?”

నల్లచెప్పులు. నీలం దారం.

నా నోరు ఆగలేదు. “అయితే ఇదంతా నాటకమా! రానని ఫోన్లోనే చెబితే సరిపోయేది కదా?”

“స్నేహితుడి కొడుకు పిలిస్తే రాననడం ఎట్లారా?” అన్నాడు మామయ్య. “వస్తే చెప్పాలి. చెబితే వీడు వింటాడు. అదేరా నా భయం.”

ఎందుకంత భయమో నేను ఓబులేసు నోట విన్నాను. హాస్టలు వంటగదిలో మామయ్య ఒకసారి పరాచికమాడాడట. ‘మీ ఎలక్షన్ మా ఊరి ఇడ్లీ హోటలు లాంటిది. సర్వరు వచ్చి ఏం కావాలంటాడు. ఏముందంటే ఇడ్లీ ఒకటే అంటాడు. సరే తెమ్మంటే, చూశారా, మీరు కోరిందే మా దగ్గరుంది అంటాడు’ అని. ఎవరో ఆ మాట పైకి మోశారు. పార్టీ సెక్రెటరీ ముందు మీటింగు పెట్టారు.

“ఆ సెక్రెటరీకి ఇడ్లీ అంటే ఏందో తెల్దు,” అన్నాడు ఓబులేసు. “ఈయప్ప నిలబడి పప్పు నానేసేకాణ్ణించి చెప్పినాడు. అంతా ఇని, వీణ్ణి ఇంటికి పంపిద్దామా అన్న్యారు. హాలంతా చేతులెత్తినారు. మన ఇండియావోళ్ళు గూడ.”

“నువ్వో?” అన్నాడు బాషా.

“నా చెయ్యి లేయలేదప్పా. కాలేజీ పిల్లోళ్ళనందర్నీ ఉర్లగడ్డలు పెరికేకి తోలింటిరి. మూటలు మోసి మోసి బుజం పట్టేసింది. అంతే.”

“అబద్ధం! బంగాళాదుంపల మూటలు అందరం మోశాం!” అన్నాడు మామయ్య. “ఆ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూచున్నాడు. చెయ్యి చెయ్యికీ సెక్రెటరీ చూపు పోతూ వీడి దగ్గర ఆగింది. ఏకగ్రీవం కాని తీర్మానం పైకి పంపడం వాళ్ళకు నామోషీ. వాయిదా వేశారు. ఆ వాయిదాలోనే నా డిగ్రీ అయిపోయింది. వీడి స్కాలర్‌షిప్పు మాత్రం చలికాలమంతా ఆగింది.”

“బుజం నొప్పి,” అన్నాడు ఓబులేసు.

“దారంతా లైన్లు,” అన్నాడు మామయ్య.

ఇద్దరూ మళ్ళీ నవ్వారు. ఆంజనేయులు నవ్వలేదు. గొర్రెలకు నీళ్ళు పోస్తున్న బక్కెట్టు టక్కున కింద పెట్టాడు.

“మీ ఇద్దురికీ నవ్వులాటగా ఉండాది. ట్యాంకు సంగతేంది? రేపు తలకాయలు పగిల్తే ఎవురు కుట్లేపిస్తారు?”

“నేను గెలుచ్చానని ఏసినానా అంజీ?” అన్నాడు ఓబులేసు, మొదటిసారి మెత్తగా. “కాయితం మీద రెండు పేర్లుండాలని ఏసినా. ఇంత వయసొచ్చినాది, మన ఊరి పనికి ఒక్కసారన్నా ఈ ఏలికి సిరా అంటుకోల్యా.”

“సిరా తాగుతామా నాయనా?”

సిరాతో బతికే పంతులుద్యోగం చేసి రిటైరైనవాణ్ణి, ఆ మనిషిచ్చిన నీళ్ళ చెంబు ఇంకా నా చేతిలోనే ఉంది.

మర్నాడు బయల్దేరేటప్పుడు మామయ్య హవాయి చెప్పులేసుకునే కారెక్కాడు. నీలం దారానివి కొట్టం గుమ్మంలోనే ఉండిపోయాయి. ఈసారి వెనక్కి పోదామని ఆయన అనలేదు, నేనూ గుర్తుచేయలేదు.

తెనాలి: ఫోటో

తిరిగొచ్చాక ఓట్ల రోజు దాటేదాకా నాకు అన్నం సయించలేదు. ఎవరి తలా పగల్లేదు. మాటలు మాత్రం పగిలాయట. బందోబస్తుకు వచ్చిన పోలీసులు ఉడకబెట్టిన చెనిక్కాయలు తింటూ కూచుని పోయారట. ఓబులేసు ఓడిపోయాడు, అదీ మామూలుగా కాదు. లచ్చుమమ్మ మామిడిపండు రంగు చీర కట్టుకుని తెర వెనక్కి పోయొచ్చి, ఎవరికి వేసిందో మొగుడికి కూడా చెప్పడం లేదట. ట్యాంకు డబ్బులు రాలేదు. ట్యాంకరు దగ్గర బిందెల లైను అట్లాగే ఉంది. ఫోనులో ఇదంతా ఆంజనేయులే చెప్పాడు. చెప్పి, “మీ మామకు చెప్పప్పా, లైనంటే ఆయప్పకు ఇష్టం గదా, మా ఊళ్ళో రోజూ ఉంటాది, వచ్చి నిలబడమను” అన్నాడు. పడ్డాను. పడాల్సిందే.

ఫోను పెట్టేసిన కాసేపటికి ఒక ఫోటో పంపాడు. ఏమీ రాయలేదు. ఓట్ల రోజున స్కూలు ముందు తీసింది. ఎండలో చెప్పుల లైను. అరిగినవి, తెగినవి, పిన్నీసు పెట్టినవి, ఒక రాయి, ఒక తువ్వాలు. జనం స్కూలు నీడన కూచుని ఉన్నారు. లైను చిట్టచివర ఒక నల్లజత, నీలం దారంతో కుట్టినది. పెట్టింది ఓబులేసే అయి ఉండాలి. ఆ ఊళ్ళో మామయ్యకు ఓటు లేదు. చోటు మాత్రం పెట్టాడు.

ఫోను తీసుకెళ్ళి మామయ్య ముందు పెట్టాను. కళ్ళజోడు తుడుచుకుని, దగ్గరగా, చాలాసేపు చూశాడు. బిందెల సంగతి కూడా చెప్పాను. దానికి తలెత్తలేదు. నాకు కోపం ఇంకా పోలేదు. అయినా ఉండబట్టలేక అడిగాను.

“చివర ఎవరు?”

మామయ్య చెయ్యెత్తాడు.